పాట ఎత్తే పిల్ల

ఇబ్రహీంపట్నం,
15 అక్టోబరు 1947

షోలాపూర్ మిల్లులో పొద్దస్తమానం మగ్గాల చప్పుడు వింటూ మమ్మల్ని మరిచిపోయిన మా బాపుకు,

ముందు అమ్మ చెప్పమన్నవి. మేక ఈనింది. వానకు పెరటి గోడ సగం కూలితే మళ్ళీ పెట్టించాం. నువ్వు వేళకు తినమని, మిల్లులో ఎవరితోనూ కొట్లాడవద్దని అమ్మ చెప్పింది. ఇక ఇక్కడి నుంచి నావి.

జాబు పుస్తకంలో ఉన్నట్టే రాయాలని లీదియా టీచర్ అంటుంది. మాట్లాడినట్టు రాస్తే చెవి మెలేస్తుంది. అందుకని ఇది నేను నీతో మాట్లాడినట్టు ఉండదు, కోపం తెచ్చుకోకు. చర్చి వరండాలో చదువుకునే ఆడపిల్లల్లో జాబు రాయడం వచ్చింది నాకూ మరియకూ మాత్రమే.

నిన్ననే బొడ్డెమ్మను సాగనంపాం. నువ్వు మగవాడివి, నీకేం తెలుసు, అందుకే చెప్తున్నాను. పెండ్లికాని పిల్లలం పుట్టమన్ను తెచ్చి, పీట మీద మెట్లు మెట్లుగా పేర్చి, తంగేడు పూలు గుచ్చి, రోజూ సాయంత్రం దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతాం. చివరి రోజు బావిలో వేస్తాం. పెండ్లయినవాళ్ళు అందులోకి రాకూడదు, వాళ్ళకు ఆ తర్వాత వచ్చే బతుకమ్మ ఉంది. అందరూ పాడతారు కానీ పాట ఎత్తేది ఒక్కరే. ఆ ఒక్కరు ఈసారి ఎవరో చెప్పుకో. పిండి గిర్ని వాళ్ళ మైసమ్మ తానే ఎత్తుతానని పట్టుబట్టింది. ఆటలో ఎవరుండాలో ఎవరుండకూడదో చెప్పేది ఎప్పుడూ మైసమ్మే. ఆమెకు కాళ్ళకు పట్టీలు ఉన్నాయి, గొంతే లేదు. రెండో చరణానికే దగ్గు వచ్చింది. అప్పుడు ఆమే నన్ను ముందుకు తోసి, "సుక్కా, నువ్వే ఎత్తు, మేం అందుకుంటం" అన్నది.

ఇప్పుడు నీళ్ళకు పోతే పిల్లలు నాకోసం ఆగుతారు. నా బిందె ముందు నింపుకోనిస్తారు. బాపు, నాకు ఇంతకన్నా ఏమీ వద్దు.

పాట ఎత్తే నీ బిడ్డ,
సుక్కమ్మ

*

షోలాపూర్,
20 మార్చి 1948

చిరంజీవి పంతులమ్మ సుక్కమ్మకు నీ బాపు మల్లేశయ్య దీవెనలు.

నీ జాబు మా గదిలో అందరికీ చదివి వినిపించాను. "మల్లేశన్నా, బిడ్డ రాసిందా, పటేల్ రాసిండా?" అని అడిగారు. నాకు మీసం మెలెయ్యాలనిపించింది. అప్పుడు రాద్దామనుకున్న మాటలు వేరు, ఇప్పుడు రాస్తున్న మాటలు వేరు.

ఇక్కడి నుంచి అమ్మకు గట్టిగా చదువు.

ముత్యాలూ, ఇక్కడి పత్రికల్లో రోజూ రజాకార్ల సంగతులే. మొన్న మన రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కొందరు మా గదిలోనే తలదాచుకున్నారు. వాళ్ళు చెప్పినవి బిడ్డ చేత చదివించలేను. నువ్వొక్కదానివి, ఎదుగుతున్న ఆడపిల్ల. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు. యాచారంలో మనవాళ్ళు అడిగిన సంబంధం ఒప్పుకో. పిల్లవాడు రాంచంద్రం బుద్ధిమంతుడే. మెడలో పుస్తె ఉంటే ఒకరి ఇంటి కోడలంటారు, మన వెనుక ఇంకో ఇల్లు నిలబడుతుంది. పెద్దమనిషి అయ్యేదాకా పిల్ల మన ఇంట్లోనే ఉంటుంది, ఆ మాట తీసుకో. వైశాఖం దాటనివ్వకు. సరిహద్దులో మనుషుల్ని ఆపుతున్నారు, నేను రాలేను.

సుక్కా, ఈ ముక్కలు నీ చేతే చదివించాల్సి వచ్చింది. ఇంట్లో చదివేవాళ్ళు ఇంకెవరున్నారు? తడబడకుండా చదువు.

నీ మేలు కోరే
బాపు

*

ఇబ్రహీంపట్నం,
30 మే 1948

దూరాన ఉండి నా పెండ్లి చేసిన మా బాపుకు,

తడబడకుండానే చదివాను. అమ్మ నా నోటివైపే చూస్తూ విని, "ఇంకోసారి సదువు" అన్నది. ఇంకోసారి చదివాను. రెండోసారి ఇంకా బాగా చదివాను.

పెండ్లి అయింది. ఉప్పు దొరకక పప్పు చప్పగా ఉందని యాచారం వాళ్ళు సణిగారు. నూలు కూడా రావడం లేదు బాపు, మగ్గం ఊరికే ఉంది. అమ్మ కలుపు తీయడానికి కూలికి పోతున్నది. రాంచంద్రం నాకన్నా కొంచెమే పొడుగు. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యం కంట్లో పడి ఏడ్చాడు. నేను ఏడవలేదు.

పెండ్లి బట్టలతోనే గచ్చకాయలు ఆడటానికి పోయాను. నన్ను చూడగానే మైసమ్మ కాయలు కొంగులో వేసుకున్నది. "నువ్వు పెద్దదానివైనవ్ గద, పోయి పెద్దోల్లల్ల కూసో" అన్నది. మిగతావాళ్ళు ఆమె నవ్వింది కనుక నవ్వారు. సరేనని అరుగు మీద పెద్దవాళ్ళ దగ్గర కూర్చున్నాను. అత్తల సంగతులు, కాన్పుల సంగతులు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేశారు. "గీ పొట్టిదానికి మన ముచ్చట్లెందుకే? పో, పోయి పిల్లలల్ల ఆడుకో" అన్నారు.

బాపు, ఇప్పుడు నేను ఎవరిలో కూర్చోవాలి? ఇది అమ్మను అడగలేదు. నువ్వు చెప్పు.

నీ బిడ్డ,
సుక్కమ్మ

*

షోలాపూర్,
2 జూలై 1948

సౌభాగ్యవతి సుక్కమ్మకు,

చూశావా, నీ పేరు ముందు ఎంత పెద్ద మాట వచ్చి కూర్చుందో! రాస్తుంటే నాకే కొత్తగా ఉంది.

నీ జాబు చదివి నవ్వుకున్నాను. ఓసి పిచ్చిదానా, దీనికి కూడా దిగులేనా? వాళ్ళకు కడుపుమంట. నీకు కొత్త చీర వచ్చింది, పెండ్లిలో అందరూ నిన్నే చూశారు. మైసమ్మకు నిద్ర పట్టలేదు, అంతే. రెండు రోజులు మూతులు ముడుస్తారు, తర్వాత వాళ్ళే వస్తారు. తలా ఇంత బెల్లం ముక్క పెట్టు.

ఇక బొడ్డెమ్మ సంగతి. పెండ్లయినవాళ్ళు అందులోకి రాకూడదని రాశావు కదా. పాట గొంతులో ఉంటుంది గానీ పుస్తెలో ఉంటుందా? మరీ పుస్తె అడ్డమైతే ఆ కాసేపు తీసి గూట్లో పెట్టి ఆడుకో పో! నీ బాపు చెప్పాడని చెప్పు.

అమ్మను కూలికి ఎక్కువ దూరం పోవద్దను. మీ ఇద్దరూ భద్రంగా ఉన్నారని తెలిశాకే నాకు అన్నం సహిస్తున్నది.

బాపు

*

ఇబ్రహీంపట్నం,
20 ఆగస్టు 1948

బెల్లం పెట్టమన్న మా బాపుకు,

పెట్టాను. తిన్నారు. తిని వెళ్ళిపోయారు.

నా చీర చూసి కుళ్ళుకున్నారని రాశావు. అది కాదు బాపు. వాళ్ళకు నేను కనబడటమే లేదు. నీళ్ళకు పోతే ఎవరూ ఆగరు. నేను పోయేసరికి మాటలు ఆగిపోతాయి. మరియ ఒక్కతే నాతో ఉంటుంది. వాళ్ళ నాయన యోహాను కొడతాడని ఆమె ఎప్పుడూ బొడ్డెమ్మ ఆడలేదు, చర్చి గోడ మీద కూర్చుని చూస్తుంది. "నీకు గిప్పుడు కొత్త గద, బాధైతది. జర అలవాటైతే ఏం గాదు" అని నాకు ధైర్యం చెప్పింది. నాకు అలవాటు కావద్దు.

మొన్న రాంచంద్రం వాళ్ళ నాయనతో వచ్చాడు. పెద్దవాళ్ళు లోపల మాట్లాడుతుంటే మేము మగ్గం గుంట దగ్గర కూర్చున్నాం. ముందు తనే, "మా ఊర్ల నన్ను పెండ్లికొడుకా అని పిలుస్తరు. చిర్రగోనె ఆటల తీసుకుంటలేరు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నన్ను గూడ తీసుకుంటలేరు" అన్నాను. పాట పాడమంటే మెల్లగా ఒకటి పాడాను. చప్పట్లు కొట్టాడు, ఒక్కటీ తాళంలో పడలేదు. "బొడ్డెమ్మకు వస్త. నువ్వు పాట ఎత్తుతె దూరంకెళ్ళి వింట" అన్నాడు. నేను ఎత్తడం లేదని చెప్పలేకపోయాను.

ఇంతవరకు మన వాడకు రజాకార్లు రాలేదు బాపు.

సుక్కమ్మ

*

ఇబ్రహీంపట్నం,
27 సెప్టెంబరు 1948

అందరికన్నా తెలివైన మా బాపుకు,

నన్ను రానిచ్చారు! నన్ను రానిచ్చారు బాపు!

మీ షోలాపూర్ దిక్కు నుంచే మిలిటరీ వచ్చిందట కదా. నిజాం లొంగిపోయాడని చెప్పారు. ఎవరూ తలుపులు వేసుకోవడం లేదు. ఈసారి బొడ్డెమ్మ ఎంత పెద్దగా పెట్టారో చూడాలి నువ్వు. గిర్ని వాళ్ళ వాకిట్లోనే పెట్టారు, మన పెరటి గోడకు అవతల. మొదటి రోజు నేను గోడ దగ్గర నిలబడి విన్నాను. మైసమ్మ ఎత్తింది, సగంలో మరిచిపోయింది. రెండో రోజు నేను పోయి నీ మాట చెప్పాను. పుస్తె తీసి పెడితే ఆడొచ్చని మా బాపు రాశాడు, కాగితం కూడా ఉంది అన్నాను. అందరూ మైసమ్మ వైపు చూశారు. ఆమె ఆలోచించి, "గూట్లె పెడితె ఎట్ల? బొడ్డెమ్మల దాపు పెట్టు. తల్లి గద, నీ పుస్తెకు కావలి ఉంటది. సాగనంపేనాడు తీస్కో. గన్ని దినాలు నువ్వు పెండ్లిగాని పిల్లవే" అన్నది.

తీసిచ్చాను. మైసమ్మే కింది మెట్టు మట్టి తవ్వి, లోపల పెట్టి, పైన తంగేడు పూలు గుచ్చింది. మెడ తేలికగా అయింది. ఎత్తు మెడ రైక వేసుకుంటున్నాను, అమ్మకు తెలియదు. పొద్దు గూకినాక కూలి నుంచి వచ్చి పడుకుంటుంది.

రోజూ నేనే ఎత్తుతున్నాను. నిన్న నీళ్ళకు పోతే నాకోసం ఆగారు. రాంచంద్రం ఇంకా రాలేదు. వస్తే బాగుండు, నిజంగానే ఎత్తుతున్నాను కదా.

పాట ఎత్తే నీ బిడ్డ,
సుక్కమ్మ

*

షోలాపూర్,
3 అక్టోబరు 1948

సౌభాగ్యవతి, పాటల పోలీసు పటేలు సుక్కమ్మకు,

మన ఊరికి వస్తున్న భిక్షం చేతికి ఈ జాబు ఇస్తున్నాను. నీ ఉత్తరం చదివి మా గది గదంతా పగలబడి నవ్వింది. నవ్వుతూ రాసిన ముక్క పట్టుకుని నిజంగానే పుస్తె తీసి మట్టిలో పెట్టావా! నీ బాపు మాట మీద ఇంత గురి ఉందని నాకు తెలియదు. పోనీలే, ఇకపై తీయకు. అమ్మకు నేను చెప్పను. అడిగితే, పుస్తె తీసి పెట్టుకోమన్నది నేనేనని చెప్పు, తిట్లు నాకు పడనీ.

ఇక్కడి నుంచి మిలిటరీ బండ్లు పోతుంటే మేమంతా రోడ్డు మీద నిలబడి జేజేలు కొట్టాం. ఇక భయం లేదు. ఊరికే తొందరపడి నీ పెండ్లి చేశానేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అయిందేదో అయింది, అల్లుడు మంచివాడు.

భిక్షంతో నీకు ఆకుపచ్చ గాజులు పంపుతున్నాను. బతుకమ్మకు వేసుకో. అల్లుడికి బొంగరం కూడా ఉంది. ఈ జాబు అందరి ముందూ గట్టిగా చదువు, నా బిడ్డ చదువు ఊరు వినాలి.

బాపు

*

ఇబ్రహీంపట్నం,
10 అక్టోబరు 1948

బాపుకు,

అమ్మ చెప్తున్నది, నేను రాస్తున్నాను. లీదియా టీచర్ చెప్పినట్టు కాదు, ఎట్లా చెప్తే అట్లా రాయమన్నది అమ్మ.

"రాయి. యాచారం పిలగాడు సచ్చిపోయిండని రాయి. సలిజరం. మందుబిళ్ళలు దొరకలేదు. కబురు తెచ్చినోల్లు వాకిట్ల నిలవడంగ నేను ఏడ్సుకుంట నీ బిడ్డను దగ్గరికి గుంజుకున్న. మెడ మీద చెయ్యి వడితె మెడ ఉత్తగున్నది. రాయి, ఆగకు. మొగడు మంచంల ఉంటె నీ బిడ్డ పుస్తె తీసి మట్టిల పెట్టి ఆడుకున్నది. ఊరంత నీ బిడ్డే మింగింది అంటున్నరు. నా నోట ఆ మాట రాలే. రాలేదని గూడ రాయి. నా బిడ్డను నేను కొట్టిన. మస్తు కొట్టిన. గది గూడ రాయి."

అమ్మ లోపలికి పోయింది. ఇక నేను రాస్తాను.

కబురు తెలియగానే పిల్లలంతా భయపడ్డారు. సాగనంపే రోజు రాకముందే బొడ్డెమ్మను ఎత్తుకుపోయి బావిలో వేశారు, పుస్తె లోపల ఉండగానే. పుస్తె పెట్టమన్నది మైసమ్మేనని చెప్పాను. "నేనెప్పుడన్న? నువ్వే మీ బాపు కాగితం తెచ్చినవ్" అన్నది. పెద్దవాళ్ళు మిగతా పిల్లలను అడిగారు. ఎవరూ నా వైపు చూడలేదు. మరియ చూసింది చూసినట్టు చెప్పింది కానీ, గోడ మీద కూర్చున్నదాని మాట ఎవరు వింటారు?

పదోనాడు పుస్తె తీయడానికి యాచారం పెద్దవాళ్ళు వచ్చారు. తీయడానికి మెడలో ఏమీ లేదు. పద్ధతి జరగాలన్నారు. అందుకని పసుపు తాడు ఒకటి కట్టి, దాన్ని తెంపారు.

అప్పుడే భిక్షం మామ వచ్చాడు, గాజులు, బొంగరం, నీ జాబు తీసుకుని. ఆయనకేం తెలుసు? మల్లేశయ్య ఏం రాశాడో చదవమన్నారు పెద్దవాళ్ళు. నేనే చదివాను. తడబడలేదు బాపు. పుస్తె తీసి పెట్టుకోమన్నది నేనేనని చెప్పు అని రాశావు చూడు, అది కూడా గట్టిగానే చదివాను. రాంచంద్రం వాళ్ళ నాయన లేచి వెళ్ళిపోయాడు. బొంగరం తీసుకోలేదు.

వాడు మా పాట వినడానికి వస్తానన్నాడు బాపు. జ్వరం వచ్చి రాలేదట.

సుక్కమ్మ

*

షోలాపూర్,
18 అక్టోబరు 1948

సుక్కా,

నీ పేరు ముందు ఏం రాయాలో తెలియలేదు. రాయకూడనివన్నీ చేతికి వస్తున్నాయి. పుట్టిననాడు ఎట్లా పిలిచానో అట్లాగే రాశాను.

ఈ జాబు అమ్మకు చదవకు. ఎవరికీ చదవకు. ఇది నీ ఒక్కదానికే.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. నువ్వు పుస్తె తీయకముందే ఆ పిల్లవాడికి జ్వరం వచ్చిందట, భిక్షం తిరిగివచ్చి చెప్పాడు. నువ్వు తీసినందుకు రాలేదు. ఈ మాట పది మందికీ చెప్పు. పెండ్లి చేయమన్నది నేను. ఆ మాట రాసిందీ నేను. నేను నవ్వుతూ రాశాను బిడ్డా. నవ్వు కాగితం మీద కనబడదని నాకు తోచలేదు. ఎవరిలో కూర్చోవాలి అని నువ్వు ఏడుస్తూ రాస్తే నేను కడుపుమంట అన్నాను, బెల్లం పెట్టమన్నాను.

సెలవు దొరకగానే వస్తున్నాను. నిన్నూ అమ్మనూ ఇక్కడికి తెచ్చుకుంటాను. ఇక్కడ మన వీధిలోనూ పిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. నీ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను చెప్పను. నువ్వూ చెప్పకు. పాట ఎత్తు.

బాపు

*

ఇబ్రహీంపట్నం,
20 సెప్టెంబరు 1949

మా బాపుకు,

అమ్మ చెప్పమన్నవి ముందు. నూలు వస్తున్నది, మగ్గం ఆడుతున్నది. నువ్వు పంపిన షోలాపూర్ చాదర్ అమ్మ దాచింది, కప్పుకోమంటే కప్పుకోదు.

వచ్చినప్పుడు నువ్వు ఎంత బతిమాలినా నేను షోలాపూర్‌కు రాలేదు. ఎందుకని అడిగితే చెప్పలేదు, నువ్వు కోపంతోనే బండెక్కావు. ఇప్పుడు చెప్తాను. అక్కడ నేను చెప్పకుండా ఆటలోకి పోయాననుకో, వాళ్ళు రానిచ్చారనుకో, మళ్ళీ ఏదైనా అవుతుంది. ఈసారి నీకు అవుతుంది. జ్వరం ముందే వచ్చిందని నువ్వు రాసిన మాట మైసమ్మకు చెప్పాను. "గైతేంది, నువ్వు తీయకపోతే బతుకుతుండె" అన్నది. నాకూ ఒక్కోసారి అట్లాగే అనిపిస్తుంది, నువ్వు ఎన్నిసార్లు కాదని రాసినా.

ఎండాకాలం మైసమ్మకు పెండ్లయింది. పోయేముందు నీళ్ళ దగ్గర నాతో ఏదో అనబోయింది. బిందె నిండింది, వెళ్ళిపోయింది.

ఈ ఏడు కూడా గిర్ని వాళ్ళ వాకిట్లోనే బొడ్డెమ్మ పెట్టారు. అంతా చిన్నపిల్లలు. ఒక్కరికీ పాట చివరిదాకా రాదు. చప్పట్లు కొడతారు, ఆగిపోతారు, మళ్ళీ మొదటికి వస్తారు. మొన్న మైసమ్మ చెల్లె మన పెరటి గోడ ఎక్కి తొంగి చూసింది. నేను మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. "సుక్కక్క, పాట మరుస్తున్నం. నువ్వు రాకు, నువ్వొస్తె మా అమ్మ కొడ్తది. గోడకు గా దిక్కే కూసొని ఎత్తు, మేం గీ దిక్కు ఆడుతం" అన్నది.

అమ్మ మగ్గం ఆపి నా వైపు చూసింది. పొమ్మనలేదు, వద్దనలేదు.

గోడ దగ్గరికి పీట జరుపుకుని కూర్చుని ఎత్తాను. అవతల అందరూ అందుకున్నారు. చప్పట్లు వినబడ్డాయి కానీ ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో కనబడలేదు. మరియ వచ్చి నా పక్కన కూర్చున్నది. ఆట అయిపోయాక అందరికీ పంచే పలారం ఇవ్వడానికి ఎవరూ రాలేదు, మరిచిపోయి ఉంటారు. నిన్న కూడా ఎత్తాను. రేపూ ఎత్తుతాను.

ఈ ఒక్క ముక్క లీదియా టీచర్‌కు చూపించను. బాపు, మస్తు మంచిగ పాడిన.

పాట ఎత్తే నీ బిడ్డ,
సుక్కమ్మ